స్పానిష్ మాతృభాష అయినవాళ్లు డిగ్రీలో మళ్ళీ స్పానిష్ ఎందుకు చదువుతారు?

స్పెయిన్‌లో ఉన్న మీ ఫ్రెండ్ స్పానిష్‌లోనే డిగ్రీ చేస్తోందని, పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాషకి నాలుగేళ్లు ఎందుకని అడిగారు. ఆ చదువు చదివే అమ్మాయితో రెండేళ్లు ఒకే ఫ్లాట్‌లో ఉన్నాను కాబట్టి నేను చూసింది చెప్తాను.

నేను హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) స్పానిష్ నేర్చుకుని, మాస్టర్స్‌కి స్పెయిన్‌లోని సలమాంకా వెళ్ళాను. ఆమెది దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్. మొదట్లో నేనూ మీలాగే అనుకున్నాను, ఆమెకి మార్కులు ఊరికే వస్తాయని. కానీ సెమిస్టర్ పరీక్షలకి ఆమె పడ్డ టెన్షన్ నేను పడలేదు. లాటిన్, భాషా చరిత్ర, ధ్వనిశాస్త్రం, వాక్యనిర్మాణం, పాత సాహిత్యం, అన్నీ ఉంటాయి. వీటిలో ఏదీ ఇంట్లో మాట్లాడితే వచ్చేది కాదు.

ఒకరోజు వ్యాకరణంలో ఇరుక్కుంది. 'వాడు వచ్చినప్పుడు చెప్తాను' అంటే క్రియ 'వేంగా', 'వాడు వచ్చినప్పుడల్లా చెప్తాను' అంటే 'వియేనే'. తను ఎప్పుడూ తప్పు మాట్లాడదు, కానీ ఎందుకు మారుతుందో చెప్పలేకపోయింది. ఇంకా జరగని పనికి ఒక రూపం, అలవాటుగా జరిగేదానికి ఇంకో రూపం అని నేను చెప్పాను. నియమం నేర్చుకుని వచ్చాను కాబట్టి నాకు తెలుసు. ఆమెకి ఆ వాక్యం నాలుక మీద ఉంది, నియమం లేదు. ఆ డిగ్రీలో ఎక్కువ భాగం ఇదే పని: నోటికి వచ్చిన దాన్ని బయటికి తీసి చూడటం.

భాషా చరిత్ర మాత్రం ఇద్దరం కలిసి చదివాం. లాటిన్‌లో పిండిని 'ఫరీనా' అంటారు. స్పానిష్‌లో ఆ 'ఫ' కాస్తా 'హ' అయింది, తర్వాత అదీ పోయింది. ఇప్పుడు రాసేటప్పుడు హ ఉంటుంది, పలికేది 'అరీనా'. మన పాలు కన్నడంలో హాలు, పులి హులి అయ్యాయని, కొందరి మాటల్లో ఆ 'హ' కూడా జారిపోయి 'ఆలు' అని వినిపిస్తుందని చెప్తే ఆమె నోట్సులో రాసుకుంది.

నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆమె యాస సంగతి. 'కాసా' అంటే ఇల్లు. వేటకీ దాదాపు అదే మాట, కానీ మధ్యలో ఉన్న అక్షరాన్ని ఉత్తర స్పెయిన్‌లో నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారు. సెవిల్ వాళ్లు రెంటినీ ఒకేలా 'స'తో అంటారు. చిన్నప్పుడు స్కూల్లో ఒక టీచర్ ఇది తప్పని పదే పదే దిద్దేవారట. యూనివర్సిటీలో చదివాకే తెలిసింది ఆమెకి: 1503 నుంచి అమెరికా ఖండాలతో స్పెయిన్ వ్యాపారం, ప్రయాణాలు సెవిల్ నుంచే నడిచాయి, మొదట్లో వెళ్ళినవాళ్లలో దక్షిణ స్పెయిన్ మనుషులు చాలామంది, అందుకే ఈరోజు లాటిన్ అమెరికాలో స్పానిష్ మాట్లాడేవాళ్లు దాదాపు అందరూ ఆ 'స'తోనే మాట్లాడతారు. అంటే స్పానిష్ మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది ఆమె పక్షమే. అది చదివిన రాత్రి వాళ్ల అమ్మకి ఫోన్ చేసి అరగంట చెప్పింది. మాది శ్రీకాకుళం. 'చెప్పు'ని 'సెప్పు' అన్నందుకు నన్నూ క్లాసులో అందరి ముందు నిలబెట్టారు. అందుకే ఆ ఫోన్ మాటలు వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి. మన దగ్గర ఎమ్మే తెలుగు చేసేవాళ్లని 'ఇంకేం సీటూ రాలేదా' అని అడిగేవాళ్లకి ఇది తెలియాలని గట్టిగా అనిపించింది.

ఉద్యోగాల సంగతి కూడా అడిగారు. విదేశీయులకి స్పానిష్ నేర్పడం, ప్రచురణ సంస్థల్లో ప్రూఫులు దిద్దడం, ప్రభుత్వ హైస్కూల్ టీచర్ పోస్టులు ముఖ్యమైనవి. హైస్కూల్ పోస్టుకి డిగ్రీ తర్వాత టీచింగ్‌లో మాస్టర్స్ చేసి, 'ఒపొసిసియోనెస్' అనే పోటీ పరీక్ష రాయాలి, మన డీఎస్సీ లాంటిది. ఆమె ఇప్పుడు సెవిల్‌లో ఉండి దానికే చదువుతోంది.