నా మొదటి గెలుపు గురించి

తల్లీ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. ఒక క్రికెట్ జట్టువాళ్లు నిన్ను ఆట లెక్కలు విశ్లేషించే అనలిస్టుగా రమ్మన్నారని చెబుతున్నంతసేపూ ఆమె గొంతు నిండుగా ఉంది. నువ్వు అది వద్దనుకుని, ఎవరు గెలుస్తారో లెక్కగట్టడానికి సొంతంగా తయారుచేసుకున్న మోడల్‌తో ఏడాదిపాటు పందేలు కట్టి చూస్తానన్నావని చెప్పేసరికి గొంతు సన్నబడిపోయింది. నాకు ఏం అనాలో తోచలేదు. తెల్లవారుజామున లేచి ఇది రాస్తున్నాను.

వంద మ్యాచ్‌లకు, ఆట మొదలవకముందే ఎవరు గెలుస్తారో, ఎందుకో తారీఖు వేసి నోటుబుక్కులో రాశావట. ఆట అయిపోయాక "నేను ముందే అనుకున్నా" అనేవాళ్ల మధ్యే నా వయసంతా గడిచింది. ముందే రాసిపెట్టే మనిషిని నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. మా ఇంటి పిల్ల ఆ పని చేసిందంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ గర్వం వల్లే భయం కూడా. తెలివైనవాళ్లు ఇందులో నెమ్మదిగా మునుగుతారు, ప్రతి మెట్టుకూ ఒక కారణం చెప్పుకుంటూ.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. నువ్వున్నచోట చట్టం దీన్ని ఒప్పుకోకపోతే ఇక ఆలోచించకు. అప్పు డబ్బు ముట్టుకోకు. రాత్రి పదయ్యాక, కోపంలో, ఏడ్చాక పందెం కట్టకు.

ఇక లెక్క. అది నాకంటే నీకే బాగా తెలుసు, అయినా నా నోటితో ఒకసారి విను. పందేలు కట్టించుకునే బుకీ రెండువైపులా 1.90 రేటు, అంటే వందకు 190 ఇచ్చాడనుకో. చెరోవైపు వంద కట్టినవాళ్లు ఇద్దరుంటే 200 చేరుతుంది, గెలిచినవాడికి 190 వెళ్తుంది, పది అతని దగ్గరే ఆగిపోతుంది. అందుకే నష్టం రాకుండా నిలబడాలన్నా నూటికి 52.6 సరిగ్గా చెప్పాలి. నువ్వు 55 చెప్పావు. పందేనికి వంద చొప్పున కట్టి ఉంటే 450 మిగిలేది. బాగుంది. కానీ ఆటంటే ఏమీ తెలియని వందమందిని కూర్చోబెట్టి, నాణెం ఎగరేసి రాయమంటే, వాళ్లలో 18 మంది దాకా 55 గానీ అంతకు పైన గానీ తెచ్చుకుంటారు. నువ్వు ఆ 18 మందిలో ఒకదానివని నేననను. కాదని చెప్పడానికి వంద మ్యాచ్‌లు చాలవు, అంతే.

ఉన్న డబ్బులో ఎంత కట్టాలో చెప్పే సూత్రం, 1956లో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో జాన్ కెల్లీ రాసినది, నీ మోడల్‌లో ఉందని మీ అమ్మ చెప్పింది. దానిలోనే పెట్టి చూడు. 1.90 రేటుకు నీ బలం, అంటే నూటికి ఎన్ని సరిగ్గా చెప్పగలవో అది, నిజంగా 55 అయితే ఉన్నదాంట్లో నూటికి 5 కట్టొచ్చు. 53 అయితే నూటికి ఒకటి కంటే తక్కువే కట్టాలి. 52 అయితే అసలు కట్టకూడదు. నీ బలం 55 అని నీకు చెప్పింది ఎవరు? ఆ వంద మ్యాచ్‌లే కదా. సరే, నిజంగా 55 అనే అనుకుందాం. అప్పుడు కూడా తర్వాతి వంద పందేల చివర నష్టంలో ఉండే అవకాశం పదికి మూడు దాకా ఉంటుంది. నువ్వు ఏ తప్పూ చేయకుండానే నీ చేతిలో డబ్బు తగ్గిపోతుంది. ఆ రోజు నువ్వేం చేస్తావు? నేనేం చేశానో చెబుతాను.

నాకప్పుడు 26 ఏళ్లు. మా జట్టుకు కెప్టెన్‌ని. ఫైనల్లో చివరి ఓవర్, అవతలివాళ్లకు తొమ్మిది పరుగులు కావాలి. మా సీనియర్ బౌలర్ తొడ పట్టేసి సరిగ్గా పరుగెత్తలేకపోతున్నాడు. కుర్రాడొకడు ఆ రోజు చక్కగా వేస్తున్నాడు. బంతి కుర్రాడికిచ్చాను. ఆఖరి బంతి బ్యాట్ అంచుకు తగిలి స్లిప్ పక్కనుంచి బౌండరీకి పోయింది. ఓడిపోయాం. అంత మ్యాచ్‌లో సీనియర్ ఉండగా కుర్రాడికి ఇస్తారా అని అందరూ అన్నారు. నేనూ నమ్మేశాను. మరుసటి ఏడు అదే జబ్బుతో కుంటుతున్న అదే సీనియర్‌కి చివరి ఓవర్ ఇచ్చాను. మూడు బంతుల్లో ఆట అయిపోయింది.

2007 టీ20 ప్రపంచకప్ ఫైనల్ చూస్తున్నప్పుడు నాకు ఇదంతా గుర్తొచ్చి ఒళ్లు వణికింది. పాకిస్థాన్‌కు చివరి ఓవర్‌లో 13 కావాలి, ధోనీ బంతి జోగిందర్ శర్మకిచ్చాడు. ముందు వైడ్, తర్వాత ఒక సిక్స్. నాలుగు బంతుల్లో ఆరు కావలసినప్పుడు మిస్బా వెనక్కి ఎత్తిన బంతి శ్రీశాంత్ చేతుల్లో పడింది. ఐదు పరుగులతో గెలిచాం. అది ఇంకో రెండు గజాలు ఎగిరి ఉంటే లోకమంతా ధోనీని ఏమనేది? నిర్ణయం అదే, బంతిచ్చిన చెయ్యి అదే. బంతి ఎక్కడ పడిందన్నదే తేడా.

నాకు అప్పుడు ఇంత బుద్ధి లేదు. కెప్టెన్సీ పోయింది. లోపల ఒకటే ఉక్రోషం, నాకు ఆట తెలుసని ఎవరికైనా నిరూపించాలని. గ్రౌండ్ దగ్గర పందేలు కట్టించుకునే అతను ఒకడుండేవాడు. వరసగా ఐదు ఓడిన జట్టు మీద కట్టాను. ఐదు ఓడింది కాబట్టి ఇక గెలవాలి, అదే నా విశ్లేషణ. ఆ జట్టు ఓడిపోతూ ఉండగా అవతలి పెద్ద బ్యాట్స్‌మన్ నాన్‌స్ట్రైకర్ వైపు రనౌటయ్యాడు, బౌలర్ వేళ్లకు తగిలిన బంతి వికెట్లను కొట్టింది. నేను కట్టిన జట్టు గెలిచింది. అందరూ నా భుజం తట్టారు. నాకు పందెం అచ్చొచ్చిందన్నారు.

తల్లీ, నా జీవితాన్ని పాడుచేసింది ఆ గెలుపే. ఆ రోజు ఓడిపోయి ఉంటే ఇంటికి వెళ్లి పడుకునేవాణ్ణి. సరైన ఆలోచనతో ఇచ్చిన ఓవర్‌కు తిట్లు, బుద్ధిలేని పందేనికి మెచ్చుకోలు పడేసరికి, ఏది మంచి నిర్ణయమో చూపే ముల్లు నాలో తలకిందులైపోయింది.

తర్వాత ఓడటం మొదలైంది. పోయినచోటే వెతుక్కోవాలి అంటారు కదా. నేనూ అదే పట్టుకున్నాను. ఓడినప్పుడల్లా రెట్టింపు కట్టడం. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. ఆరుసార్లు ఓడితే 63 పోయాయి. ఏడోసారి 64 కట్టాలి. గెలిచినా మిగిలేది ఒక్కటే, అదీ రేటు పూర్తి రెట్టింపు ఉంటేనే. ఆ ఒక్కటి కోసం నేను 64 ఎక్కడినుంచి తెచ్చానో నీకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

అవి మీ అమ్మ కాలేజీ ఫీజు డబ్బులు. మా నాన్న కట్టమని నా చేతిలో పెట్టినవి.

మీ అమ్మకు ఒంట్లో బాగాలేక ఒక ఏడాది చదువు ఆగిందని నువ్వు అనుకుంటున్నావు. ఆమె అందరికీ అలాగే చెప్పింది, నాన్నకు కూడా. నన్ను ఒక్క మాట అనలేదు. తన స్నేహితురాళ్లు పుస్తకాలతో వెళ్తుంటే తలుపు వెనకాల నిలబడి చూసేది. అది చూడలేక నేను దొడ్డిదారిన బయటికి పోయేవాణ్ణి. నిన్న రాత్రి ఆమెనే అడిగాను, దానికి చెప్పనా అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చెప్పు అన్నయ్యా" అంది.

అందుకే నువ్వు డబ్బు పోగొట్టుకుంటావేమోనని నాకు అంత భయం లేదు. దాస్తావేమోనని భయం. నేను మొదట దాచింది డబ్బు కాదు, ముఖం. ఇంట్లో ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే నువ్వు వేరే సంగతి ఎత్తుకుంటున్నావంటే, నీ మోడల్ ఏం చెప్పినా సరే, ఆ రోజే ఆపెయ్యి.

పందెం కట్టని రోజు కూడా పని చేసినట్టే అని నీకు నువ్వు చెప్పుకోగలగాలి. ఇది కష్టం. ఫుట్‌బాల్‌లో 286 పెనాల్టీ కిక్‌లను పరిశీలించి 2007లో అచ్చైన ఒక పరిశోధన ఉంది. గోల్‌కీపర్లు నూటికి 94 సార్లు ఏదో ఒక పక్కకు దూకారు. కదలకుండా మధ్యలో నిలబడి ఉంటే ఎక్కువ బంతులు ఆపేవారు. కానీ నిలబడి గోల్ ఇచ్చినవాణ్ణి చూస్తే ఏమీ చేయనట్టు ఉంటుంది, దూకి ఇచ్చినవాడు పాపం ప్రయత్నించాడనిపిస్తుంది.

ఇంకొకటి. ఉదయం రాసుకున్న నిర్ణయాన్ని మధ్యాహ్నం మళ్లీ తెరిచి చూడటానికి సిగ్గుపడకు. 2005లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల యాషెస్ సిరీస్‌లో, ఎడ్జ్‌బాస్టన్ టెస్టు ఉదయం ఆస్ట్రేలియా ముఖ్య బౌలర్ మెక్‌గ్రాత్ ప్రాక్టీసులో బంతి మీద కాలేసి చీలమండ దెబ్బతీసుకున్నాడు. అయినా వాళ్ల కెప్టెన్ పాంటింగ్ టాస్ గెలిచి బౌలింగే తీసుకున్నాడు. ఇంగ్లండ్ మొదటిరోజే 407 కొట్టింది. ఆస్ట్రేలియా చివరికి రెండే పరుగులతో ఓడింది, కాబట్టి నిర్ణయం దాదాపు సరైనదే అనేవాళ్లూ ఉంటారు. నేననను. ముఖ్యమైన బౌలర్ లేడని తెలిశాక, ఆ ప్రశ్న మళ్లీ మొదటినుంచి వేసుకోవాల్సింది.

జట్టు ఉద్యోగం సంగతి. అందులో చేరి పక్కన పందేలు కట్టుకుందామని మనసులో ఉంటే ఇప్పుడే తీసెయ్. క్రికెట్‌లో ఐసీసీ అవినీతి నిరోధక నియమాలు ఆటగాళ్లకే కాదు, జట్టు సహాయక సిబ్బందికీ వర్తిస్తాయి. క్రికెట్ మీద పందెం కట్టడమే నేరం, సొంత జట్టు ఆడకపోయినా సరే. రెండిట్లో ఒకటే దొరుకుతుంది నీకు. నా మనసు దేనివైపు ఉందో నీకు తెలుసు. జట్టులో నువ్వు చెప్పింది తప్పైతే పక్కన కూర్చుని ఎందుకని అడిగేవాళ్లుంటారు. పందేల దారిలో ఉండరు. ఇక్కడ నిజంగా గెలుస్తూ పోతే బుకీ నీ ఖాతాకు పరిమితి పెడతాడు, ఓడుతూ పోతే ఎంతైనా కట్టనిస్తాడు.

నేను వద్దనను. వద్దంటే నువ్వు దాస్తావు. ఏడాది ఆగి, ఇంకో వెయ్యి మ్యాచ్‌లు కాగితం మీదే ఆడమని మాత్రం బతిమాలుతున్నాను. నోటుబుక్కులో రెండు గళ్లు కలుపు. నువ్వు కట్టాలనుకున్నప్పటి రేటు ఒకటి, ఆట మొదలయ్యే క్షణానికి ఉన్న రేటు ఒకటి. నువ్వు 2.10కి తీసుకున్నది ఆట మొదలయ్యేసరికి 1.95కి దిగిందంటే, ఆ జట్టు గెలిచే అవకాశం ఎక్కువని తర్వాత మిగతావాళ్లూ ఒప్పుకున్నట్టే. ఆ జట్టు ఓడినా నీ కన్ను సరిగ్గానే చూసిందని ఒక సాక్ష్యం. అలా పదేపదే జరుగుతోందా లేదా, అది నాకు చూడాలని ఉంది.

ప్రతి ఆదివారం ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు. గెలిచిందో ఓడిందో రాసిన గడి మీద ఒక కాగితం ముక్క పెట్టి తియ్యి. నీ కారణాలు చదివి నాకు తోచింది రాస్తాను. కళ్లజోడు మార్పించుకున్నాను, అక్షరాలు చిన్నగా ఉన్నా పర్వాలేదు.

మావయ్య