రెండు చుక్కల గీత

చిరంజీవికి,

నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. రెండోసారి ఒళ్లు మండింది. 1969లో భద్రాచలంలో భూకంపం, 2024లో ములుగులో మరొకటి, మధ్య 55 ఏళ్లు, కాబట్టి 2079లో మళ్లీ వస్తుందని తేల్చేశావు. రెండు చుక్కలుంటే గీత ఎవరైనా గీస్తారు నాయనా!

ఆరు చుక్కలున్నవాళ్లకే లెక్క తప్పింది. కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ అని చిన్న ఊరు. 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో అక్కడ భూకంపాలు వచ్చాయి. సగటున 22 ఏళ్లకొకటి. తర్వాతది 1993లోపు వచ్చి తీరుతుందని శాస్త్రవేత్తలు లెక్కకట్టి, చుట్టూ పరికరాలు పాతి కూర్చున్నారు. రాలేదు. 2004 సెప్టెంబర్ 28న వచ్చింది, అన్ని పరికరాలకూ ముందస్తు ఆనవాలేదీ చిక్కకుండా. ఆ వరస మళ్లీ చూడు: 1922కీ 1934కీ మధ్య 12 ఏళ్లే, ఆ తర్వాత 32. సగటు అనగానే ఈ రెండూ మాయమైపోతాయి. నువ్వు రాయాల్సింది వాటి గురించి.

గుటెన్‌బర్గ్-రిక్టర్ సూత్రాన్ని సాక్ష్యానికి పిలిచావు. తీవ్రత 6 దాటినది ఒకటి వచ్చే చోట 5 దాటినవి సుమారు పది వస్తాయంటుంది అది. ఎన్ని వస్తాయో చెబుతుంది, ఎప్పుడొస్తాయో చెప్పదు.

‘చెప్పలేం’ అని రాయడానికి నీకంత భయమెందుకో నాకు తెలుసు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి భూకంపానికి హైదరాబాద్‌లో నా అద్దె గది మంచం కదిలింది. ఆ వారం ఒక వ్యాసం రాశాను. ‘మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు’ అన్న వాక్యాన్ని పత్రిక డెస్క్‌లో ఒకాయన (పేరెందుకులే) కొట్టేసి, ‘పొంచి ఉన్న మరో ముప్పు?’ అని హెడ్డింగ్ పెట్టాడు. ఆ రాత్రి మా ఇంటి ఓనరమ్మ పిల్లల్నేసుకుని వీధిలో చాప పరుచుకుంది. ‘రాసింది నువ్వే కదా’ అంది. ఆ హెడ్డింగ్‌లోని ప్రశ్నార్థకం మీద నాకింకా కోపం పోలేదు. ఇప్పటి వీడియోలవాళ్లు అది కూడా పెట్టట్లేదనుకో.

ములుగు కదిలిన పొద్దున స్టాండులో స్టీలు గ్లాసులు మోగుతుంటే, పిల్లి దూరిందనుకుని మీ నాయనమ్మ చీపురు పట్టుకెళ్లిందని నాలుగో పేజీలో దాచావు. అక్కణ్నుంచి మొదలుపెట్టు. 2079 కొట్టేసి పంపు, మళ్లీ చదువుతాను.