గల్ఫ్ మీద పీహెచ్‌డీ అంటే నవ్వుతున్నారు మేడమ్

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. కాకతీయ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎంఏ, 61 శాతం. వయసు 29. మా నాన్న 11 ఏళ్లు సౌదీలో పనిచేసి వచ్చారు. గల్ఫ్ వలసల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ‘అది సోషియాలజీ వాళ్ల పని, నువ్వు ఇండియా–అమెరికా సంబంధాలు తీసుకో’ అంటున్నారు సీనియర్లు. జేఆర్‌ఎఫ్ (యూజీసీ నెట్ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్) రాకపోతే ఇంట్లో ఏం చెప్పాలో అని ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: సీనియర్ల మాట పక్కన పెట్టు బిడ్డా. ఇండియా–అమెరికా మీద రాసేవాళ్లు ఢిల్లీలో బోలెడు మంది. కఫీల్ (అక్కడ పనికి పెట్టుకున్న యజమాని) అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) రెన్యువల్ చేయించకపోతే మనిషి గతి ఏమయ్యేదో మీ వాడకట్టులో చెప్పినంత వివరంగా వాళ్లెవరూ చెప్పలేరు. మన మనిషి, వేరే దేశపు చట్టం, మధ్యలో మన ఎంబసీ. ఇది అంతర్జాతీయ రాజకీయం కాక మరేంది?

కానీ ‘గల్ఫ్ వలసలు – ఒక అధ్యయనం’ అని మాత్రం రాసుకుపోకు. నేను చేసిన తప్పు అదే. ‘భారత విదేశాంగ విధానం’ అని పేరు పెట్టి, హన్మకొండ చౌరస్తాలో సినాప్సిస్ (ఏం పరిశోధిస్తామో చెప్పే ప్రతిపాదన) టైపు కొట్టించి తీసుకుపోయాను. మా గైడు లోపల పేజీ తిప్పలేదు. అట్ట మీదే ఎర్ర పెన్నుతో ‘ఏ దేశంతో? ఎప్పటి నుంచి?’ అని రాసి చేతిలో పెట్టారు. ఆ రెండు ముక్కలకు జవాబు వెతుక్కోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

నువ్వు ఇలా మొదలుపెట్టు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాసవనివాళ్లు 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వం దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. మరి అది తప్పించుకుని విజిట్ వీసా మీద పనికి పోయేవాళ్లు ఎందుకు పోతున్నారు? ఢిల్లీలో రాసిన రూలు జగిత్యాల ఏజెంటు దాకా వచ్చేసరికి ఏమవుతోంది? ఇలా అడిగితే ఇది సోషియాలజీ అని ఎవరూ అనరు. వలసల మీద పార్లమెంటులో విదేశాంగ శాఖ ఇచ్చిన జవాబులు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, అవి చదువు. శోధ్‌గంగ అని పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ ఉంది, అందులో పాతవి చూడు, చేసిందే మళ్లీ చేయకుండా ఉంటావు.

ఇక సీటు సంగతి. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ రాకున్నా పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత రావచ్చు. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. దానికి 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000. దాని వయోపరిమితి 30 అని కంగారు పడకు, ఆడవాళ్లకు ఐదేళ్ల సడలింపు ఉంది. అందుకే ఒకటికి రెండుసార్లు రాయి. నన్నడిగితే, ఫెలోషిప్ లేకుండా ఢిల్లీ వద్దు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నాన్-నెట్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్ లేనివాళ్లకు ఇచ్చేది) కింద నెలకు ఇచ్చే 8,000 మెస్సుకూ జిరాక్సులకూ అయిపోతుంది. పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్లు, మామూలుగా ఐదు. ఇంట్లో ఆ ఐదే చెప్పు.

ఈలోపు నాన్న పాత పాస్‌పోర్టు బయటికి తీయి. ఈసీఆర్ ముద్ర (ఆ క్లియరెన్స్ కావాలని చెప్పే గుర్తు) ఉందేమో, ఏ తేదీన దేశం దాటారో రాసుకో. ఏజెంటుకు ఎంత కట్టారో ఆయన సరిగ్గా చెప్పకపోవచ్చు. అమ్మను అడుగు, ఏ నగ ఎవరి దగ్గర కుదువ పెట్టారో తేదీతో సహా చెబుతుంది.