ప్యాకేజింగ్ చదువుతున్న మా చెల్లె బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

కాలేజీ ప్రాజెక్టుకు నువ్వు గీసి పంపిన డబ్బాల ఫైలు నింపాదిగా చూశాను. సున్నిపిండి, కుంకుడు పొడి, కొబ్బరినూనె, లిప్ బామ్ నాలుగూ ఒకే చోట తయారైనవని చూడగానే తెలియాలని నువ్వు పడ్డ కష్టం కనిపిస్తోంది. మీగడ రంగు మీద సన్నటి బంగారు అక్షరాలు, మూలకు చిన్న తంగేడు పువ్వు. కంప్యూటర్ తెర మీద చాలా అందంగా ఉన్నాయి. అయితే ఆ డబ్బాలు తెల్లటి గోడ ముందు, పక్కన ఇంకే సామానూ లేకుండా నిలబడి ఉన్నాయి. మన దగ్గర ఏ దుకాణంలోనూ ఏ వస్తువుకూ అంత చోటు దొరకదు. ఈ పనిలో ఇన్నేళ్లు ఉండి నీకు ముందుగా చెప్పాలనుకున్నది ఇదే: డబ్బా రేపు ఎక్కడ నిలబడుతుందో ఆ చోటు చూసి వచ్చాకే గీయడం మొదలుపెట్టు.

సెలవులకు వచ్చినప్పుడు వరంగల్ జేపీఎన్ రోడ్డులోనో, హన్మకొండ చౌరస్తాలోనో ఒక ఫ్యాన్సీ స్టోర్‌కు వెళ్లు. మీ హైదరాబాద్ మాల్స్‌లో మనమే తీసుకుని, తిప్పి చూసి, బుట్టలో వేసుకుంటాం. ఇక్కడ చాలా దుకాణాల్లో గిరాకి కౌంటర్‌కు ఇవతల, సామాను అవతల అద్దాల అల్మారాలో ఉంటుంది. మధ్యలో నాలుగైదు అడుగుల దూరం. డబ్బాను మొదట ముట్టుకునేది కొనే మనిషి కాదు, అమ్మే మనిషి. కొనే ఆమె వేలు చూపించి అడుగుతుంది: "అక్కా, ఆ పచ్చ డబ్బా చూపియ్యి. అది కాదు, దాని పక్కది, గుండ్రంగా ఉన్నది." పేరు చదివి అడిగేవాళ్లు తక్కువ. రంగు, ఆకారం, మూత చూసే అడుగుతారు. నీ నాలుగు డబ్బాలనూ అసలు సైజులో ప్రింట్ తీసి, అల్మారాలో మిగతా సామాను మధ్య పెట్టి, ఐదడుగుల దూరం నుంచి ఫోన్‌లో ఫొటో తీయి. దాన్ని నీ ప్రాజెక్టు సంగతి తెలియని మనిషికి చూపించి, "ఇది కావాలంటే ఎట్లా అడుగుతావ్?" అను. "ఆ తెల్లది" అన్నారంటే, ఆ అరలో ఇంకా తెల్లవి ఉన్నాయంటే, ఆ డబ్బాను ఎవరూ అడగలేరు. నీ మీగడ రంగుకు అదే జరుగుతుందని నా భయం. బంగారు ఫాయిల్ కూడా ట్యూబ్‌లైట్ కింద ఒక పక్క నుంచి తళుక్కుమంటుంది, ఇంకో పక్క నుంచి నల్లగా కనబడుతుంది. సన్నటి అక్షరాలకు అది అసలు పనికిరాదు. బొమ్మ చుట్టూ అంచుకు వాడుకో, పేరుకు మాత్రం ముదురు రంగు సిరా పెట్టు.

ఇంకో సంగతి గమనించు. చోటు చాలక చాలాసార్లు డబ్బాల సన్నటి పక్కను ముందుకు తిప్పి పేరుస్తారు. నువ్వు ప్రాణం పెట్టి గీసిన ముందు వైపు పక్క డబ్బాకు ఆనుకుని ఉండిపోతుంది. కౌంటర్ పైన అద్దం ఉన్న చోట, కింద పెట్టిన వస్తువుల మూతలే మనకు కనిపిస్తాయి. కాబట్టి పేరు, రంగు ముందు వైపుతో పాటు పక్కన, పైన కూడా ఉండాలి. పోయిన ఏడాది మీ కాలేజీ ప్రదర్శనలో చూసిన డబ్బాల్లో ఎక్కువ వాటికి పైమూత ఖాళీగా ఉంది. నాకు బాధేసింది, అంత మంచి పని ఇక్కడి కౌంటర్లో ఎవరికీ కనబడదు కదా అని.

మైసూర్ శాండల్ సబ్బును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. వందేళ్లకు ముందే బెంగళూరులో మొదలైన ప్రభుత్వ సబ్బుల ఫ్యాక్టరీది అది. కోడిగుడ్డు ఆకారంలో సబ్బు, నగల పెట్టెలాంటి అట్టపెట్టె. ఎన్ని కొత్త సబ్బులు వచ్చినా దాన్ని దూరం నుంచే గుర్తుపడతాం, కళ్లు మూసుకుని పట్టుకున్నా గుర్తుపడతాం. సబ్బు ఆకారం, పెట్టె, వాసన మూడూ కలిసి ఒకటే మాట చెబుతాయి.

ఇక లోపలి సరుకు. నీ ఫైల్లో అన్నిటికంటే బలహీనంగా ఉన్నది ఇక్కడే. నాలుగింటికీ ఒకే రకం వెడల్పు మూతి డబ్బా పెట్టావు, చూడటానికి వరుసగా బాగుంటుందని. సున్నిపిండిని స్నానాల గదిలో తడి చేత్తో తీస్తారు. వెడల్పు మూతి ఉంటే తడి చెయ్యి లోపలికి పోతుంది, వారంలో పిండి గడ్డలు కడుతుంది, పెసరపిండి ఉంది కాబట్టి పురుగు కూడా పడుతుంది. దానికి చిల్లుల మూత పెట్టు, చేతిలో చల్లుకునేట్టు. లోపల గాలి చొరబడని సంచీ ఉండాలి. మూత మరల్లో పొడి ఇరుక్కుని బిగుసుకుపోతుందేమో నిజం పిండి పోసి, తెరిచి మూసి చూడు. అట్టకు కిటికీ కోసి పిండి కనబడేట్టు చేశావు. పిండిలో కలిపే పసుపుకు రంగు వెలుతురులో వెలిసిపోతుంది. నెల తర్వాత ఆ కిటికీ దగ్గరి పిండి పాలిపోయి, పాత సరుకులా కనబడుతుంది. కిటికీ మూసెయ్యి.

కొబ్బరినూనెకు మాత్రం వెడల్పు మూతే కావాలి. అది సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికాలం పొద్దున ఎంత చలి ఉంటుందో నీకు తెలుసు. సన్నమూతి సీసాలో గడ్డకట్టిన నూనెను పొయ్యి దగ్గర పెట్టి కరిగించుకోవాల్సిందే. కొబ్బరినూనె అనగానే నాకు పారాచ్యూట్ సంగతి గుర్తొస్తుంది, ఆ కంపెనీ పెద్ద హర్ష్ మారివాలా చాలాచోట్ల చెప్పిందే. రేకు డబ్బాల నుంచి ప్లాస్టిక్ సీసాకు మారదామంటే దుకాణదారులు ఒప్పుకోలేదు. అంతకుముందు ఎవరో తెచ్చిన పలకల సీసాలను ఎలుకలు కొరికి నూనె పాడుచేశాయి. అప్పుడు వీళ్లు ఎలుక పళ్లకు పట్టు దొరకకుండా గుండ్రటి సీసా చేయించి, దాన్ని ఎలుకలున్న బోనులో పెట్టి చూపించి నమ్మించారు. ఆ నీలం సీసా గుండ్రదనం వెనక గోదాములో ఎలుక ఉంది. ఆకారానికి అంతకంటే గట్టి కారణం ఏం కావాలి? నీ వంపులకు కూడా ఏదో ఒక కారణం ఉండాలి. మీ పని చూసి మార్కులు వేసే జ్యూరీలో "ఇది ఎందుకిట్లా ఉంది" అని అడిగితే "బాగుంటుందని" అనే జవాబు ఒక్కటే చాలదు.

లిప్ బామ్‌కు మన ఎండలే పరీక్ష. మే నెలలో వరంగల్‌లో 43, 44 డిగ్రీలు తాకే రోజులుంటాయి. పార్శిల్ బండిలో ఇంకా ఎక్కువ. పుల్లలా పైకి తిప్పే గొట్టంలో కరిగితే మూతకు అంటుకుంటుంది. గట్టి మూత ఉన్న చిన్న రేకు డబ్బీ అయితే కరిగినా అందులోనే మళ్లీ గడ్డకడుతుంది. నూనె సీసాకు, బామ్ డబ్బీకి కాగితపు లేబుల్ వద్దు. జిడ్డు పీల్చి మరకలు పడుతుంది. ప్లాస్టిక్ పొర లేబుల్ వాడు.

డబ్బా వెనక వైపును చివరికి వదిలేయకు. విద్యార్థులందరూ అక్కడ అర్థం లేని అక్షరాలు నింపేస్తారు. నిజానికి ముందు రాసుకోవాల్సింది అదే. కాస్మెటిక్స్ రూల్స్ 2020, ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ 2011 రెండూ తెరిచి చదువు, మొత్తం అర్థం కాకపోయినా సరే. వస్తువు పేరు, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబర్, లైసెన్స్ నంబర్, నికర బరువు, తయారైన నెల, ఎప్పటిలోగా వాడాలి, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబర్, ఇంకా ఏమేం కలిపారన్న జాబితా. ఒక శాతానికి మించి ఉన్నవన్నీ ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో రావాలి. ఇవన్నీ చదవగలిగే సైజులో పెట్టాక మిగిలిన చోటే నీ బొమ్మలకు. బ్యాచ్, తేదీ, ధర తర్వాత ముద్ర కొడతారు కాబట్టి అక్కడ నున్నటి ల్యామినేషన్ వద్దు, సిరా చెరిగిపోతుంది. బార్‌కోడ్ గీతలు ఎరుపులో పెట్టావు. చాలా స్కానర్ల వెలుతురు ఎర్రగానే ఉంటుంది, ఎర్ర గీత దానికి కనబడదు. నల్లగా పెట్టి, చుట్టూ ఖాళీ వదులు.

తెలుగులో పేరు రాయాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది, వదులుకోకు. కాకపోతే ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచిన పట్టీలోనే తెలుగును ఇరికించావు. మనకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి. వాటికి ఊపిరాడాలి. చిన్న సైజులో సిరా కాస్త పాకితే ద, ధ, థ మూడూ ఒకటే అయిపోతాయి. ముదురు రంగులో తెల్లటి సన్న అక్షరాలు వదిలితే పూడుకుపోతాయి. ఇక్కడి డీటీపీ సెంటర్లలో చాలామంది ఇంకా 'అను' అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలోనే పని చేస్తారు. నీ యూనికోడ్ ఫైల్ అక్కడ తెరిస్తే వత్తులు చెదిరిపోవచ్చు. అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే గీసిన బొమ్మల్లా మార్చి ఇవ్వు. ప్రూఫ్ కాగితం మీద తీసి మీ అమ్మతో చదివించు, నీ కళ్లకు తప్పులు కనబడవు.

కౌంటర్ మీద పెట్టే స్టాండు బాగా ఆలోచించావు. కానీ అది అడుగున్నర వెడల్పు ఉంది. గల్లాపెట్టె పక్కన ఆ దుకాణం ఆమె ఇవ్వగలిగేది జానెడు, మహా అయితే ఒక అడుగు. అంతకంటే పెద్దదైతే మొహమాటానికి తీసుకుని సాయంత్రానికి కింద పెట్టేస్తుంది. ముందు అంచు ఎత్తు తగ్గించు, ఇప్పుడది వస్తువు పేరును సగం మింగేస్తోంది. నిండుగా ఉన్నప్పుడు అన్ని స్టాండ్లూ నిలబడతాయి. ముందు వరుస అమ్ముడుపోయి వెనక వరుసే మిగిలినప్పుడు వెనక్కి పడుతుందా? పైన ఫ్యాన్ పూర్తి స్పీడులో తిరుగుతుంటే ఆ పొడుగాటి పేరు అట్ట ఊగుతుందా? ఒక్కొక్కటే తీస్తూ చూడు. రోజూ పొద్దున తడి బట్టతో కౌంటర్ తుడుస్తారు, అట్ట అడుగు నానిపోతుంది, కింది అంచుకైనా ల్యామినేషన్ చేయించు. పడమటి ముఖం దుకాణాల్లో పోస్టర్లు నీలంగా మారిపోవడం చూశావు కదా. ఎరుపు, పసుపు సిరాలు ఎండకు ముందు పోతాయి, నీలం మిగులుతుంది. లిప్ బామ్ స్టాండు గులాబీ రంగులో ఉంది కాబట్టి ఎండ తగలని చోట పెట్టమని స్టాండు వెనకే రాసి ఇవ్వు.

స్టాండు మీద పెట్టిన అమ్మాయి ఫొటో మార్చు, బిడ్డా. ఇది నేను గట్టిగానే చెబుతున్నాను. ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన తెల్లటి ముఖం అది. పేరున్న ఒక క్రీమ్ కంపెనీయే 2020లో తన క్రీమ్ పేరులోంచి, తెలుపును చెప్పే 'ఫెయిర్' అన్న మాటను తీసేసింది. మన ములుగు అమ్మాయి, జగిత్యాల అమ్మాయి ఆ స్టాండు ముందు నిలబడి, ఇది నా కోసం కాదనుకుని పక్కకు జరగకూడదు. నీ స్నేహితుల చేతుల మీద, చామనఛాయ నుంచి నలుపు దాకా, బామ్ రంగు రాసి పగటి వెలుతురులో ఫొటో తీయి. పసుపు బల్బు కింద తీస్తే రంగు అబద్ధం చెబుతుంది.

చేర్యాల బొమ్మల ఊసు ఎత్తావు. వెనక ఎర్రటి రంగు, ముదురు గీత, చదునైన రంగులు, ప్రింటింగ్‌కు చాలా అనుకూలం. ఇంటర్నెట్‌లో బొమ్మ తీసుకుని అతికించకు. చేర్యాలలో ఆ బొమ్మలు గీసే నకాశి కుటుంబాలు ఉన్నాయి, పోయి కలువు, గీయిస్తే డబ్బు ఇవ్వు, పేరు డబ్బా మీద వేయి.

దుకాణాలకు వెళ్లేది మధ్యాహ్నం భోజనాలయ్యాక, గిరాకి పలచగా ఉన్నప్పుడు. ఏదైనా కొను. అడిగి ఫొటో తీసుకో. "ఏది బాగా అమ్ముడవుతుంది" అని అందరూ అడుగుతారు. నువ్వు "ఏది వాపసు వస్తుంది, ఎందుకు" అని అడుగు. కారిన మూతలు, నలిగిన మూలలు, వెలిసిన ధరలు అన్నీ చెబుతారు. అది రాసుకో. నీ పోర్ట్‌ఫోలియోలో ఆ నోట్సు, పాడైన డమ్మీల (నమూనా డబ్బాల) ఫొటోలు, చివరి డబ్బా దుకాణం అల్మారాలో ఉన్న ఫొటో పెట్టు.

బతుకమ్మకు వస్తావు కదా. ఆలోగా 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) తెల్ల అట్టతో నాలుగు డమ్మీలు కోసి పెట్టు, ప్రింట్ వద్దు. నిజం సరుకు నింపి, బస్సులో బట్టల బ్యాగు అడుగున వేసి తీసుకురా. ఒడిలో పెట్టుకుని జాగ్రత్తగా తేకు. చౌరస్తాలో నాకు తెలిసిన దుకాణం ఆమెతో మాట్లాడి ఉంచుతాను, పండగ రద్దీలో రెండు రోజులు తన అల్మారాలో పెట్టనిస్తుంది. స్టాండు కొలత మాత్రం వచ్చే ముందే పంపు, ఆమె కౌంటర్ కొలిచి చెబుతాను.

మీ పెద్దమ్మ