మోకాళ్ళని చూసి ప్లాను వెయ్యరా

ఒరేయ్ చిన్నా,

అమ్మానాన్నల్ని బెర్లిన్ నుంచి చెక్ దేశ రాజధాని ప్రాగ్‌కి తీసుకెళ్ళాలని నువ్వు పంపిన ప్లాను చూశాను. రెండు రోజుల్లో పద్నాలుగు చోట్లు! మధ్యాహ్నం భోజనానికి నలభై నిమిషాలు. మీ నాన్నకి అరవై ఏడు నిండాయి, మీ అమ్మకి మెట్లెక్కితే ఎడమ మోకాలు పట్టేస్తుంది. వాళ్ళని యాత్రకి తీసుకెళ్తున్నావా, కానిస్టేబుల్ సెలక్షన్ పరుగుకా? అందులో తొమ్మిది కొట్టేసి, ఇంకో రాత్రి కలుపు.

ముప్పై ఏళ్ళు బెజవాడ రిజర్వేషన్ కౌంటర్లో కూర్చున్న వాణ్ణి కదా, బండి సంగతి ముందు చెప్పనీ. బెర్లిన్ నుంచి ప్రాగ్‌కి నేరుగా వెళ్ళే బళ్ళున్నాయి, నాలుగు గంటల పైచిలుకు. జర్మనీలో లోకల్ బళ్ళకి పనికొచ్చే నీ నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ వీటిలో చెల్లదు, దాని మీద ఆశ పెట్టుకోకు. జర్మన్ రైల్వే సైట్లో రేటు చూసి ఊరుకోకుండా చెక్ రైల్వే సైట్లో కూడా చూడు. ఒకే బండికి రెండు చోట్లా రెండు రేట్లుంటాయి, చాలాసార్లు చెక్ వాళ్ళదే చవక. అయితే చవక టికెట్ ఆ ఒక్క బండికే చెల్లుతుంది. ఇంకోటి, అక్కడ టికెట్ వేరు, సీటు వేరు. టికెట్ ఉండి కూడా నిలబడి వెళ్ళాల్సి రావచ్చు. నువ్వు నిలబడతావు సరే, వాళ్ళు? సీటుకి విడిగా డబ్బు కట్టు.

డ్రెస్డెన్ దాటాక బండి ఎల్బే నది ఒడ్డునే పోతుంది. వెళ్ళేటప్పుడు నది ఎడమ పక్కన. మీ అమ్మని ఎడమ కిటికీ దగ్గర కూర్చోబెట్టు. నీళ్ళకి అవతల ఇసకరాతి కొండలు స్తంభాల్లా నిలబడి ఉంటాయి. ఎలాగూ పులిహోర కలుపుతుంది కాబట్టి ఆ పొట్లాం అప్పుడు విప్పండి. కోట చూసినా వంతెన చూసినా నాకు ఇంత తృప్తి కలగలేదు.

పాస్‌పోర్టులు బీరువాలో పెట్టి రావద్దు. అమ్మానాన్నలది షెంగెన్ వీసా కాబట్టి చెక్‌కి వేరే వీసా అక్కర్లేదు గానీ, తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర జర్మన్ పోలీసులు బోగీలోకి వచ్చి అడగొచ్చు. నీ రెసిడెన్స్ కార్డుతో పాటు నీ పాస్‌పోర్టు కూడా ఉండాలి.

దిగడంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. బోర్డు మీద 'ప్రహ' అని కనబడగానే (వాళ్ళు తమ ఊరిని అలాగే పిలుస్తారు) పెట్టె లాక్కుని దిగిపోయాను. తీరా చూస్తే అది ప్రహ హోలెషొవిత్సె. సికింద్రాబాద్ అనుకుని మౌలాలీలో దిగినట్టయింది. రైల్వేలో రిటైరైన వాడికి ఇంతకన్నా నామర్దా ఉందా! నువ్వు దిగాల్సింది 'హ్లావ్నీ నాద్రజీ', అంటే పెద్ద స్టేషను. పొరపాటున ముందే దిగినా కంగారు పడకు, అక్కణ్ణుంచి సి లైన్ మెట్రోలో మూడో స్టాపు. కాగితం టికెట్ కొంటే మాత్రం పసుపు పెట్టెలో పెట్టి ముద్ర కొట్టించు. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా కట్టాల్సిందే.

అక్కడ యూరో కాదు, కొరునా. 'కమీషన్ లేదు' అని బోర్డు పెట్టిన మార్పిడి కొట్లలో కమీషన్ రేటులోనే దాచేస్తారు. బ్యాంకు ఏటీఎంలో తియ్యి. యూరోల్లోకి మార్చి లెక్కకట్టమంటావా అని ఆ మిషను మర్యాదగా అడుగుతుంది, వద్దని నొక్కు.

ఇక ఊళ్ళో. అందరూ కింద నుంచి కోటకి ఎక్కుతారు, నువ్వు పై నుంచి దిగు. 22వ నంబరు ట్రాము 'ప్రజ్‌స్కీ హ్రాద్' స్టాపులో దింపుతుంది, అక్కణ్ణుంచి కోట ఆవరణలోకి దాదాపు చదునే. లోపలున్న సెయింట్ వీటస్ చర్చి 1344లో మొదలెడితే 1929కి గానీ పూర్తి కాలేదు. మన ఫ్లైఓవర్లని తిట్టుకునే మీ నాన్నకి ఇది తప్పకుండా చెప్పు. తర్వాత మెట్ల జోలికి పోకుండా నెరుదొవా వీధి వాలు వెంట మెల్లగా దిగితే చార్లెస్ వంతెన దగ్గరికి తేలతారు. పరిచింది గుండ్రాళ్ళు, మీ అమ్మకి బూట్లు వెయ్యి, చెప్పులొద్దు.

ఆ వంతెనకి ముహూర్తం పెట్టి శంకుస్థాపన చేశారని చెబుతారు. 1357వ సంవత్సరం, 9వ తారీఖు, 7వ నెల, పొద్దున 5 గంటల 31 నిమిషాలు. వరసగా రాసి చూడు: 1 3 5 7 9 7 5 3 1. మీ అమ్మ పంచాంగం మనిషి, ఆ అంకెలు విన్నాక వంతెన మీద ఇంకో గంట నిలబడుతుంది. ఏడు లోపు వెళ్తే జనం ఉండరు. పది దాటితే కొండ మీద బ్రహ్మోత్సవాలే, జేబు జాగ్రత్త.

1410 నాటి ఖగోళ గడియారం కింద గంట గంటకీ జనం మెడలెత్తి నిలబడతారు. అస్థిపంజరం బొమ్మ గంట తాడు లాగుతుంది, అపొస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలు కిటికీల్లో తిరిగి వెళ్ళిపోతాయి, అంతలోనే అయిపోతుంది. దాని కోసం ముప్పావుగంట కాచుకోవద్దు. ఆ గడియారం ఉన్న గోపురం పైకి లిఫ్టుంది, అది మీకు పనికొస్తుంది.

తిండికి 'బెజ్ మసా' అను, మాంసం లేకుండా అని. స్మాజెనీ సీర్ అని చీజ్ ముక్కకి బ్రెడ్డు పొడి అద్ది వేయించి ఇస్తారు, మీ అమ్మ తినగలదు. కూరగాయల సూపు అన్నా అందులో ఎముకల రసం ఉందేమో అడిగి తీసుకో.

వచ్చేరోజు అరగంట ముందే స్టేషనుకి చేరండి. ఏ ప్లాట్‌ఫారమో చివర్లో గానీ బోర్డు మీద వెయ్యరు. అక్కడ ప్లాట్‌ఫారం నంబరు వేరు, పట్టా నంబరు వేరు. రెండూ చూసుకుని వెళ్ళు. టైముంటే ఒకటో ప్లాట్‌ఫారం మీద నాజీల బారి నుంచి పిల్లల్ని కాపాడిన ఇంగ్లీషాయన నికొలస్ వింటన్ విగ్రహం మీ నాన్నకి చూపించు. ఓ పిల్లాణ్ణి ఎత్తుకుని ఉంటాడు, పక్కన ఓ పిల్ల, ఒక సూట్‌కేసు. 1939లో ఇక్కణ్ణుంచి బళ్ళెక్కించి 669 మంది పిల్లల్ని లండన్ చేర్చారు. సెప్టెంబరు 1న మరో బండి కదలాలి. ఆ రోజే యుద్ధం మొదలైంది, అది కదల్లేదు. నేను ఆ విగ్రహం ముందు నిలబడి బండి తప్పిపోయేంత పని చేశాను.

సీట్లు బుక్ చేసే ముందు నాకో ఫోన్ కొట్టు. మోకాలు బాగానే ఉందని మీ అమ్మ అంటే నమ్మకు, మీ నాన్నని అడుగు.

మీ పెదనాన్న