వీడ్కోలు సభలో ఆ అమ్మాయి పేరు చెప్పవచ్చా?

ప్రశ్న: మాది కావలి దగ్గర ఒక పల్లె. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతున్నాను. వీడ్కోలు సభలో తరగతి తరఫున నన్ను మాట్లాడమన్నారు. అందరూ తమ జ్ఞాపకాలను ఒక నోటుపుస్తకంలో రాసి నాకిచ్చారు, అన్నీ నవ్వులే. నాకు మాత్రం రెండే గుర్తొస్తున్నాయి. ఎనిమిదిలో ఉండగా, ఎవరో చూచిరాసిన సంగతి టీచరుకు నేనే చెప్పానని అనుమానించి ఆడపిల్లలందరూ కొన్ని వారాలు నాతో మాటలు మానేశారు. అప్పుడు నా పక్కన కూర్చున్న ఒకే ఒక్క స్నేహితురాలు, వాళ్ల నాన్న చనిపోయాక, తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాని రొయ్యల షెడ్డులో పనికి చేరింది. నోటుపుస్తకంలో ఆమె ఊసే లేదు. ఇవి చెబుతానంటే అమ్మ వద్దంటోంది. చెప్పకపోతే అబద్ధమాడినట్టుంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, నోటుపుస్తకంలో నవ్వులే రాసిన నీ తోటివారు అబద్ధం రాయలేదు, వాళ్లకు దక్కిన ఐదేళ్లు అవి. నీకు దక్కినవి వేరు. అందరూ కంటతడి పెట్టే రోజున నీకు కొంత ఊరటగా అనిపించినా అది తప్పు కాదు. అయితే ఆ రోజు నీ చేతికి వచ్చే మైకు నీ ఒక్కదానిది కాదు, తరగతి మొత్తానిది. కాబట్టి నీ బాధను, నీ ప్రసంగాన్ని, నీ స్నేహితురాలి సంగతిని మూడింటినీ విడివిడిగా చూడమంటాను.

మాటలు మానేసిన సంగతిని సభలో ఎత్తవద్దు. అది చిన్న విషయమని కాదు. పదమూడేళ్ల పిల్లకు తరగతి గదిలో వెలి వేసినట్టుండటం దెబ్బ కంటే ఎక్కువ బాధిస్తుంది. కానీ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చూస్తుండగా జవాబు చెప్పే వీలులేని చోట నిలదీస్తే, ఆ పిల్లలు సిగ్గుతోనో కోపంతోనో మరింత బిగుసుకుపోతారే తప్ప నీ మాట వినరు. ఇలాంటి వెలి సాధారణంగా ఒకరిద్దరి పట్టుదలతో మొదలవుతుంది, మిగిలినవారు తమ వంతు వస్తుందేమోనన్న భయంతో వెంట నడుస్తారు. ఆ మిగిలినవారిలో ఎవరి మాట నీకు నిజంగా ముఖ్యమో ఆలోచించుకో. పరీక్షలయ్యాక ఆమెతో ఒంటరిగా, "ఆ రోజు చెప్పింది నేను కాదు. ఆ వారాలన్నీ మధ్యాహ్న భోజనం దగ్గర నా పక్కన ఒక్కరే కూర్చున్నారు. అది నీకు తెలియాలని చెబుతున్నాను" అను. క్షమాపణ అడగవద్దు, వస్తే రానీ. మాట్లాడాలనిపించకపోతే మానుకో, అదీ నీ ఇష్టమే.

ఇక ప్రసంగం. బడి దేవాలయమని, గురువులు దైవసమానులని చెప్పే వాక్యాలు ఇలాంటి సభల్లో ఏటా వినబడేవే. అవి నీ తర్వాత మాట్లాడే పెద్దలు ఎలాగూ చెబుతారు. నువ్వు మీ తరగతికి మాత్రమే చెందిన సంగతులు చెప్పు. కరోనా వల్ల ఆలస్యంగా 2021 ఆగస్టులో బడులు తెరిచినప్పుడు మీరు మాస్కులతో ఆరో తరగతిలో అడుగుపెట్టారు. కొత్త స్నేహితురాలి ముఖం పూర్తిగా చూడకముందే ఆమె గొంతును గుర్తుపట్టడం నేర్చుకున్న పిల్లలు మీరు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలతో కుస్తీ పట్టారు. ఎనిమిదిలో ఉండగా, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన జిల్లాను ముంచెత్తింది, అదే నెలలో ప్రభుత్వం ఎనిమిదో తరగతి వారికి ట్యాబులు ఇచ్చింది. నోటుపుస్తకంలోని నవ్వులను వీటి మధ్య పేర్చుకుంటూ పోతే, అబద్ధం చెబుతున్నానన్న బెంగ నీకుండదు. ఒకచోట, "ఈ ఐదేళ్లలో మేము ఒకరినొకరం నొప్పించుకున్న రోజులూ ఉన్నాయి" అన్న వాక్యం చేర్చు. ఎవరినీ వేలెత్తి చూపకుండానే నీ నిజం అందులో ఉంటుంది, తెలియవలసినవారికి తెలుస్తుంది.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ స్నేహితురాలే. ఆమె పేరు చెప్పడానికి అనుమతి ఇవ్వవలసింది నేను కాదు, మీ అమ్మ కాదు, ఆమే. ముందు వాళ్లింటికి వెళ్లి అడుగు. సరేనంటే పేరు చెప్పి, కష్టకాలంలో నీకు తోడున్నదని మాత్రం చెప్పు. తండ్రి మరణం, షెడ్డులో పని సభలో చెప్పవలసినవి కావు, జాలికి గురికావడం ఎవరికీ ఇష్టముండదు. వద్దంటే, "మాతో మొదలుపెట్టి ఇక్కడిదాకా రాలేకపోయినవారు" అంటే చాలు. ఆమెను సభకు పిలవవచ్చా అని ప్రధానోపాధ్యాయుణ్ణి అడుగు. నోటుపుస్తకంలో ఒక పేజీ ఆమెకు ఇచ్చి తనకు నచ్చింది రాయమను.

అక్కడితో ఆగవద్దనీ కోరుతున్నాను. ఆమె చదువు ముగిసిపోలేదు. బడి మానేసిన బాలికలకు ప్రవేశాల్లో ప్రాధాన్యమిచ్చే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలలో వసతి, భోజనం ఉచితం. తొమ్మిది, పది తరగతుల్లో ఖాళీలు ఉంటే చేరవచ్చు. ఇల్లు విడిచి రాలేకపోతే, 14 ఏళ్లు నిండినవారు రోజూ బడికి వెళ్లనక్కరలేని సార్వత్రిక పాఠశాల (ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. మామూలు బడికి తిరిగి వచ్చి హాజరు సరిపోతే, 2025లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకం 'తల్లికి వందనం' కింద అర్హతనుబట్టి తల్లి ఖాతాలో ఏడాదికి 13,000 రూపాయలు పడతాయి. ఆమె కూలి డబ్బులతో పోలిస్తే ఇది చిన్న మొత్తమేనని నాకు తెలుసు. అందుకే ఈ మాటలు వాళ్లమ్మతో నువ్వు మాట్లాడవద్దు, ఆ బరువు నీది కాదు. మీ ప్రధానోపాధ్యాయుడికి చెప్పి ఆయన్ను వాళ్లింటికి వెళ్లమను.

మీ అమ్మ భయం కూడా అర్థం చేసుకో. రోజూ ఎదురుపడే కుటుంబాల మధ్య మాట పట్టింపులు వస్తే మోయవలసింది ఆమె. రాసుకున్న ప్రసంగాన్ని ముందు ఆమెకు, తర్వాత మాస్టారికి చదివి వినిపించు. కానీ అంతకంటే ముందు నీ స్నేహితురాలి ఇంటికి, ఆమె పని నుంచి తిరిగొచ్చే వేళ చూసుకుని వెళ్లు.