బుట్టకమ్మకు 25 మైక్రాన్లా, 50 మైక్రాన్లా?

ప్రశ్న: మా నాన్నగారు నక్షీ నగలు చేస్తారు. నేను డిజైన్ గీసి, ఎల్‌సీడీ రెజిన్ ప్రింటర్‌లో (ద్రవ రెజిన్‌ను యూవీ వెలుతురుతో పొరపొరగా గట్టిపరిచే త్రీడీ ప్రింటర్) మోడల్ తీసి క్యాస్టింగ్‌కు (ఆ మోడల్‌తో అచ్చు చేసి బంగారం పోయడానికి) ఇస్తున్నాను. 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరతో తీస్తే బుట్టకమ్మ పైభాగంలో మెట్లలా గీతలు పడుతున్నాయి. 25కి మారిస్తే రాళ్ల గుంటలు పూడుకుపోతున్నాయి. ఏది వాడాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు గుంటల సంగతి. మందం తగ్గించి, వెలుతురు పడే సమయాన్ని పాతదే ఉంచి ఉంటారు. యూవీ వెలుతురు కొత్త పొర దగ్గరే ఆగదు. దాన్ని దాటి, అంతకుముందే తయారైన గుంటలో నిలిచిన రెజిన్‌ను కూడా గట్టిపరుస్తుంది. అలాగని సమయాన్ని సగానికి కోయకండి, పొరలు ఒకదానికొకటి అంటుకోక విడిపోతాయి. లోతుకు పోయేకొద్దీ వెలుతురు బలం వేగంగా తగ్గుతుంది కాబట్టి మందం సగమైతే సమయం సగం కాదు. 50కి 2.5 సెకన్లు ఇస్తుంటే 25కి 2.2, 2.0, 1.8 అలా దిగుతూ చిన్న ముక్కలు తీయండి. మీరు వాడే అతి చిన్న రాయిని గుంటలో పెట్టి చూడండి.

ఇక గీతలు. నిలువు గోడ మీద 50కీ 25కీ తేడా కంటికి దాదాపు అందదు. వాలు తగ్గేకొద్దీ మెట్టు వెడల్పవుతుంది. 45 డిగ్రీల వాలులో 50 మైక్రాన్ల పొర 50 మైక్రాన్ల మెట్టే వేస్తుంది. 10 డిగ్రీల దగ్గర అది సుమారు 280 మైక్రాన్లు, 25తో తీసినా 140. కాసులాంటి బల్లపరుపు నగనైతే ఏటవాలుగా నిలబెడితే చాలు. బుట్టకమ్మ అలా కాదు. ఎటు వంచినా గుండ్రంలో ఎక్కడో ఒకచోట చదును మిగిలిపోతుంది, వంచితే చోటు మారుతుందంతే. అందుకే నేను బుట్ట అంచును సపోర్టులతో (మోడల్‌ను పట్టి ఉంచే సన్న పుల్లలు) ప్లేటు (మోడల్ అంటుకుని పెరిగే పలక) వైపు పెట్టి, నిటారుగా తీస్తాను. చదును కొక్కెం చుట్టూ, పువ్వు అతికేచోట పడుతుంది. అక్కడ గీతలున్నా పువ్వు కప్పేస్తుంది.

పువ్వు లేని నున్నటి బుట్టకు మాత్రం 25 పెట్టండి. 22 మిల్లీమీటర్ల ఎత్తుకు 440 పొరలు 880 అవుతాయి. పొరకు 10 సెకన్ల లెక్కన గంటా పావు పని రెండున్నర గంటలవుతుంది. ప్లేటు మీద ఒకటి పెట్టినా పది పెట్టినా ఇదే సమయం, కాబట్టి ప్లేటు నింపి తీయండి. ప్రతి పొరకూ మోడల్ రెజిన్ తొట్టె అడుగున ఉండే ఫిల్మ్ నుంచి ఊడాలి, ఆ సార్లు కూడా రెట్టింపే. అందుకే సన్న సపోర్టులను కాస్త లావు చేయండి.

నక్షీ బొమ్మల కళ్లు, ముక్కు ఇంకా పదునుగా రావాలని 25కి పోతే ఫలితం దక్కకపోవచ్చు. ప్లేటుకు సమాంతరంగా ఉన్న వివరం స్క్రీన్ పిక్సెల్ సైజు మీద ఆధారపడుతుంది. పిక్సెల్ 50 మైక్రాన్లయితే పొరను ఎంత పలచన చేసినా అది మారదు.

మోడల్ మీది గీత బంగారంలోకీ దిగుతుంది. దాన్ని పాలిష్‌తో తీస్తే బంగారం పోతుంది, నాన్నగారి నక్షీ గీతల అంచులూ మొద్దుబారతాయి. అందుకని పాలిష్ బ్రష్ అందని చోట్లు ఏవో ఆయన్నే అడిగి గుర్తు పెట్టుకోండి. ఆ చోట్లు చదునుగా పడుతుంటే 25, లేకపోతే 50. ఉంగరం వేలికి సరిపోతుందో లేదో చూసుకునే నమూనాకైతే మామూలు రెజిన్‌తో 100 చాలు.